ఎండాకాలం ఏసీ కష్టాలు: హైదరాబాద్ ఇళ్ల కోసం తరచుగా అడిగే ప్రశ్నలు

శివరాత్రి వెళ్లిందంటే హైదరాబాద్‌లో ఏసీ మెకానిక్‌లకు ఊపిరి ఆడదు. ఏప్రిల్ మధ్యకొచ్చేసరికి ఎవరికి ఫోన్ చేసినా "రెండు రోజులు ఆగండి సార్" అనే మాటే వినిపిస్తుంది. ఆ టెన్షన్‌లో దొరికినవాళ్లను పిలిచి, చెప్పినదానికల్లా తలూపి, అవసరం లేని గ్యాస్‌కు డబ్బులు కట్టేసే ఇళ్లు చాలా ఉన్నాయి. అలా జరగకూడదనే ఈ జవాబులు. మీరే చూసుకోగలిగేవి ఏవి, మెకానిక్‌కు వదిలేయాల్సినవి ఏవి, అతన్ని ఏం అడగాలి అన్నదే ఇక్కడ ముఖ్యం.

ఏసీ నడుస్తోంది గానీ గది చల్లబడటం లేదు. గ్యాస్ అయిపోయిందా?

దీనికి జవాబు కాస్త పెద్దది. ఎందుకంటే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే.

ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలులా వాడేకొద్దీ తరిగిపోయేది కాదు. పైపుల్లో, కాయిల్స్‌లో (గాలి తగిలే మెలికల పైపులు), కంప్రెసర్‌లో (ఔట్‌డోర్‌లో గ్యాస్‌ను నొక్కి తోసే మోటార్) అన్నివైపులా మూసిన దారిలో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. లీకు లేకపోతే పదేళ్లయినా తగ్గదు. కాబట్టి "ప్రతి ఏడాదీ కొంచెం గ్యాస్ ఎక్కించుకోవాలి" అని ఎవరైనా అంటే నమ్మకండి.

మెకానిక్‌కు ఫోన్ చేసేముందు కొన్ని చూడండి. రిమోట్‌లో మంచు గుర్తు కనిపిస్తోందా, లేక పిల్లలు ఫ్యాన్ మోడ్‌లోకి మార్చేశారా? ఫిల్టర్ తీసి ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకోండి. వెలుతురు ఇవతలికి రావడం లేదంటే గాలి కూడా రానట్టే. తర్వాత బయటికెళ్లి ఔట్‌డోర్ యూనిట్ దగ్గర నిలబడండి. ఫ్యాన్ తిరుగుతూ వేడిగాలి కొడుతుంటే కంప్రెసర్ పనిచేస్తోంది. ఫ్యాన్ తిరుగుతున్నా గాలి వేడిగా లేకపోతే కంప్రెసర్ అందుకోవడం లేదు. "గుయ్" మని మూలిగి ఆగిపోతుంటే, ఇన్వర్టర్ కాని, అంటే కంప్రెసర్ వేగం మారని పాత ఏసీల్లో చాలాసార్లు పోయేది మోటార్‌ను స్టార్ట్ చేయించే కెపాసిటర్. అది చిన్న భాగం, మార్చడానికి ఎక్కువసేపు పట్టదు. అయితే స్విచ్ ఆపేశాక కూడా దాంట్లో కరెంటు నిలవ ఉంటుంది. మీరు మాత్రం మూత తెరిచి చేయి పెట్టొద్దు.

ఇంకో పరీక్ష ఉంది. ఒక మామూలు డిజిటల్ థర్మామీటర్ తీసుకోండి, జ్వరం చూసేది కాదు, గది వేడి చూసేది. రిమోట్ 18లో, ఫ్యాన్ హైలో పెట్టి పావుగంట నడవనివ్వండి. ఇన్‌డోర్ యూనిట్ పైన గాలి లోపలికి వెళ్లేచోట ఒకసారి, కింద చల్లగాలి వచ్చేచోట ఒకసారి కొలవండి. తేడా 8 నుంచి 12 డిగ్రీల దాకా ఉంటే ఏసీ తన పని సరిగానే చేస్తోంది. అప్పుడు గ్యాస్ ఎక్కించడం డబ్బు దండగ. తేడా నాలుగైదు డిగ్రీలే ఉండి, ఫిల్టరూ కాయిలూ శుభ్రంగా ఉంటే అప్పుడు గ్యాస్ మీద అనుమానపడండి.

తేడా బాగానే ఉన్నా గది చల్లబడటం లేదంటే లోపం గదిలో ఉన్నట్టు. ఏసీ సామర్థ్యాన్ని బయట 35 డిగ్రీలు ఉన్నప్పటి లెక్కతో చెబుతారు. మేలో 42 దాటిన మధ్యాహ్నం అదే ఏసీ అంత చల్లదనం ఇవ్వలేదు. పై అంతస్తులో ఉంటే స్లాబు పగలంతా తాగిన ఎండను రాత్రి పదింటి దాకా గదిలోకి దించుతూనే ఉంటుంది. అలాంటి ఇళ్లలో ఒకటి నుంచి ఒకటిన్నర టన్నుకు మారడం కంటే, మేడ మీద ఎండను వెనక్కి కొట్టే తెల్ల పెయింట్ వేయించడం, పడమటి కిటికీకి మందపాటి కర్టెన్ కట్టడం ముందు చేయాల్సిన పని. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఈ వేడి గురించే.

లీకు ఉందని తేలింది. గ్యాస్ ఎక్కించేటప్పుడు మెకానిక్‌ను ఏం అడగాలి?

లీకు ఎక్కడో చూపించమనండి. ఇది అడగడానికి మొహమాటపడొద్దు. చాలా లీకులు ఔట్‌డోర్ పక్కన పైపులు బిగించే ఇత్తడి నట్ల దగ్గర ఉంటాయి. గ్యాస్‌తో పాటు లోపల తిరిగే ఆయిల్ కూడా అక్కడ చెమ్మలా బయటికొస్తుంది, దాని మీద దుమ్ము అంటుకుని నట్టు చుట్టూ నల్లటి జిడ్డు వలయం ఏర్పడుతుంది. టార్చి వేసి చూస్తే మీకే కనిపిస్తుంది. సబ్బు నురగ రాస్తే బుడగలు లేస్తాయి.

లీకు బాగుచేశాక నైట్రోజన్ నింపి ప్రెషర్ నిలుస్తుందో లేదో చూడాలి. తర్వాత వాక్యూమ్ పంప్ పెట్టి పైపుల్లోని గాలీ తేమా లాగేయాలి. ఇది పది నిమిషాల్లో అయిపోయే పని కాదు. చివర్లో, యూనిట్ స్టిక్కర్ మీద రాసి ఉన్నంత గ్యాస్ కాటాతో తూచి ఎక్కించాలి. వాక్యూమ్ పంప్ తేని మెకానిక్, "కొంచెం గ్యాస్ వదిలి గాలి బయటికి కొట్టేస్తే చాలు" అంటే ఒప్పుకోకండి. లోపల మిగిలిన తేమ కంప్రెసర్‌ను నెమ్మదిగా తినేస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం అస్సలు రాజీ పడొద్దు. ప్రెషర్ టెస్టుకు నైట్రోజన్ బదులు ఆక్సిజన్ సిలిండర్ తెస్తే పని ఆపించండి. ఆక్సిజన్, ఆయిల్ కలిస్తే పేలుడు జరుగుతుంది, ప్రాణాలు పోతాయి. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్-32 కొద్దిగా మండే గుణం ఉన్న గ్యాస్. కొన్ని కంపెనీలు వాడే ఆర్-290 అంటే ప్రొపేన్, అది బాగా మండుతుంది. పని జరిగేటప్పుడు తలుపులు, కిటికీలు తెరిచి ఉంచండి. దగ్గర్లో సిగరెట్, అగరుబత్తి, దీపం ఏవీ ఉండకూడదు.

ఏడాదికోసారి లీకు వస్తూనే ఉంది. మా ఇల్లు నాలా పక్కన. దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. మురుగు నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు రాగిని దెబ్బతీస్తుంది. మూసీ ఒడ్డున, పెద్ద నాలాల పక్కన ఉండే ఇళ్లలో రాగి కాయిల్ నల్లబడి, సూదిమొన అంత రంధ్రాలు పడుతుంటాయి. అలాంటి కాయిల్‌కు ఒకచోట వెల్డింగ్ చేస్తే నెల తిరక్కుండా ఇంకోచోట కారుతుంది. రెండుసార్లు అలా జరిగితే మళ్లీ గ్యాస్‌కు ఖర్చు పెట్టకుండా, పైన రక్షణ పూత ఉన్న కొత్త కాయిల్ వేయించుకోండి. నాలా వైపు కిటికీలు వీలైనంత మూసి ఉంచండి.

ఫిల్టర్ ఎన్నాళ్లకోసారి కడగాలి?

రోజూ వాడుతుంటే రెండు వారాలకోసారి. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ లాంటి చోట్ల, చుట్టూ టవర్లు లేస్తున్నాయి కాబట్టి, వారానికోసారి చూడాల్సిందే. కుళాయి కింద దుమ్ము అంటిన వైపు కాకుండా రెండో వైపు నుంచి నీళ్లు పడేలా పట్టండి, దుమ్ము జాలీలో ఇరుక్కోకుండా బయటికి పోతుంది. వేడినీళ్లు, గట్టి బ్రష్ వద్దు, జాలీ వంకరపోతుంది. నీడలో ఆరబెట్టి పూర్తిగా తడి ఆరాకే పెట్టండి. ఐదు నిమిషాల పని. సగం కంప్లయింట్లు దీంతోనే తీరతాయి.

సర్వీసింగ్ ఏడాదికి ఎన్నిసార్లు?

రెండుసార్లు. శివరాత్రికీ ఉగాదికీ మధ్య ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి. మొదటిది తప్పనిసరి. ఊరికే ఫిల్టర్ దులిపి, పైపైన గుడ్డతో తుడిస్తే సర్వీసింగ్ కాదు. ఇన్‌డోర్‌కు కింద కవర్ కట్టి, జెట్ పంప్‌తో కాయిల్‌నూ, గాలి విసిరే బ్లోయర్‌నూ కడగాలి. బ్లోయర్ రెక్కల లోపలివైపు నల్లటి మట్టి పేరుకుంటుంది. చాలామంది దాన్ని వదిలేస్తారు. పని అయ్యాక టార్చి వేసి ఆ రెక్కలు చూడండి. ఔట్‌డోర్ కాయిల్ కూడా కడగాలి. కడిగేముందు మెయిన్ స్విచ్ ఆపాలి, సర్క్యూట్ బోర్డుకు నీళ్లు తగలకుండా కప్పాలి.

ఇన్‌డోర్ యూనిట్ నుంచి గోడ మీదకు నీళ్లు కారుతున్నాయి.

చాలా ఇళ్లలో కారణం డ్రెయిన్ పైపు మూసుకుపోవడమే. దుమ్మూ తేమా కలిసి పైపులో జెల్లీలా జారే నాచు కడుతుంది. పైపు బయటి చివర చూడండి. చుక్క కూడా పడటం లేదంటే అడ్డం ఉన్నట్టే. ఆ చివర నుంచి నీళ్లు కూడా లాగగలిగే వ్యాక్యూమ్ క్లీనర్‌తో లాగితే గుజ్జంతా ఊడి వస్తుంది. నోటితో ఊదొద్దు, పీల్చొద్దు. పైపు చివర బకెట్ నీళ్లలో మునిగి ఉన్నా, మధ్యలో ఎక్కడైనా పైకి లేచి కిందికి దిగినా నీళ్లు వెనక్కి తంతాయి. అది సరిచేస్తే చాలు.

పైపు బాగానే ఉంటే యూనిట్ ఒకవైపు వాలిందేమో చూడాలి. అదీ కాకపోతే కాయిల్ మీద ఐసు కడుతోందేమో చూడాలి.

కాయిల్ మీద ఐసు కడుతోంది. అంటే బాగా చల్లబరుస్తోందనా?

కాదు. గాలి సరిగా అందకపోయినా, గ్యాస్ తగ్గినా ఐసు కడుతుంది. కత్తితో, స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు, పైపు చిల్లిపడితే పెద్ద ఖర్చు. కూలింగ్ ఆపి ఫ్యాన్ మోడ్‌లో గంట నడపండి, కరిగిపోతుంది. ఫిల్టర్ కడిగి మళ్లీ వేయండి. ఫిల్టరూ బ్లోయరూ శుభ్రంగా ఉండి మళ్లీ ఐసు కట్టిందంటే లీకు వెతకమని మెకానిక్‌ను పిలవండి. ఆ స్థితిలో రోజుల తరబడి నడిపితే కంప్రెసర్‌కే ముప్పు.

ఆన్ చేయగానే తడి గుడ్డల వాసన వస్తోంది.

తడిగా ఉన్న కాయిల్ మీద బూజు పడుతోంది. ఆపేముందు పది, పదిహేను నిమిషాలు ఫ్యాన్ మోడ్‌లో నడిపి ఆరనివ్వండి. కొన్ని మోడళ్లలో ఇది ఆటో క్లీన్ పేరుతో ఉంటుంది, ఆపేశాక కూడా కాసేపు అదే తిరుగుతుంది. మెయిన్ స్విచ్ వెంటనే కట్టేసే అలవాటు ఉంటే ఆ సదుపాయం వృథా. పేరుకుపోయిన వాసన మాత్రం బ్లోయర్ కడిగిస్తేనే పోతుంది. లోపల సెంటు, డెట్టాల్ కొట్టకండి. కాలిన వాసన వస్తే సంగతి వేరు. వెంటనే ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతట అదే పడిపోయే బోర్డు స్విచ్) ఆపేసి, మెకానిక్ చూసేదాకా వేయొద్దు.

ఔట్‌డోర్ యూనిట్ మీద తడి గోనెసంచి కప్పితే మంచిదా? డక్టులో పెట్టొచ్చా?

గోనెసంచి వద్దు. ఆ యూనిట్ బతికేది గాలితో. సంచి గాలిని ఆపేస్తుంది. నీళ్లు చల్లడం కూడా రోజువారీ అలవాటు చేసుకోవద్దు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, కాయిల్ రేకుల మీద తెల్లగా గట్టిపడి గాలికి అడ్డం అవుతుంది. నీడ కావాలంటే పైన రెండడుగుల ఎత్తులో చిన్న రేకు కట్టించండి, ముందూ పక్కలా తెరిచి ఉండాలి.

అపార్ట్‌మెంట్లలో వంటింటి వెనక ఇరుకు డక్టులో నాలుగు ఫ్లోర్ల ఔట్‌డోర్లు ఒకదాని మీద ఒకటి పెట్టేస్తారు. కింది యూనిట్ వదిలిన వేడిగాలినే పైది పీల్చుకుంటుంది. మే నెలలో పై ఫ్లోర్ ఏసీ మాటిమాటికీ ఆగిపోవడానికి ఇదే కారణం. గ్రిల్లు వేసిన బాల్కనీలో, బట్టలు ఆరేసే తాడు వెనక పెట్టినా అంతే. గాలి సూటిగా బయటికి పోయే చోటు వెతకండి, పైపు రెండు మీటర్లు ఎక్కువైనా ఫర్వాలేదు.

పావురాల గూళ్లు ఇంకో బెడద. పుల్లలూ రెట్టా కాయిల్ వెనక పేరుకుంటాయి. వల కట్టించండి, కానీ పెద్ద కళ్ల వల. బల్లులు బోర్డు మీదకు ఎక్కి షార్ట్ అయితే ఇన్వర్టర్ ఏసీలో బోర్డు మార్చాల్సి రావచ్చు, అది ఖరీదైన భాగం. గోడలో పైపు వెళ్లే రంధ్రం, వైర్లు దూరే సందులు పుట్టీతో మూయించండి.

ఏసీ వేయగానే ఎంసీబీ పడిపోతోంది. ప్లగ్ కూడా వేడెక్కుతోంది.

ఒకసారి పడితే మళ్లీ వేసి చూడొచ్చు. మళ్లీ పడితే ఆపేయండి. ఎక్కువ ఆంపియర్ల ఎంసీబీ వేయించి "సమస్య తీరింది" అనుకోవడం నిప్పుతో చెలగాటం, ఎందుకంటే అప్పుడు వైరు కాలుతుంది గానీ ఎంసీబీ పడదు. ఒకటిన్నర టన్ను ఏసీకి బోర్డు నుంచి విడిగా రాగి వైరు, 4 చదరపు మిల్లీమీటర్లది అయితే నిశ్చింత. సొంత ఎంసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఏసీ అస్సలు వద్దు. ప్లగ్ పిన్ను గోధుమరంగుకు తిరిగినా, సాకెట్ కరిగినట్టున్నా రెండూ మార్పించండి, ఒక్కటి మారిస్తే కొత్తది కూడా కాలుతుంది. అద్దె ఇళ్లలో దీన్ని ఓనరుకు చెప్పడానికి వెనకాడతారు. చెప్పండి, ఇది ఇంట్లో పడుకునేవాళ్ల భద్రత.

కరెంటు పోయి వచ్చాక ఏసీ వెంటనే చల్లబరచదు. పాడైందా? స్టెబిలైజర్ కావాలా?

పాడవలేదు. కంప్రెసర్ కాపాడుకోవడానికి మూడు నిమిషాలు ఆగుతుంది. ఆన్, ఆఫ్ నొక్కుతూ ఉంటే ఆ మూడు నిమిషాలు మళ్లీ మొదలవుతాయి.

ఇప్పటి ఇన్వర్టర్ ఏసీలు చాలావరకు హెచ్చుతగ్గులు తట్టుకుంటాయి. ఎంత దాకా తట్టుకుంటాయో మాన్యువల్‌లో ఉంటుంది. సాయంత్రం ఎనిమిది నుంచి పది మధ్య, అందరి ఏసీలూ నడిచే వేళ, మీ ఇంట్లో వోల్టేజీ ఆ హద్దు కంటే కిందికి పోతుంటే స్టెబిలైజర్ పెట్టుకోండి. లైట్లు ఒక్కసారిగా మిలమిల మెరిసి, వోల్టేజీ 260 దాటిందంటే న్యూట్రల్ వైరు ఊడి ఉండొచ్చు. అన్నీ ఆపేసి విద్యుత్ శాఖ నంబర్ 1912కు చెప్పండి. ఏప్రిల్, మే నెలల్లో గాలివాన, పిడుగులు వచ్చినప్పుడు ఏసీ మెయిన్ స్విచ్ కట్టేయడమే మేలు. స్టెబిలైజర్ పిడుగును ఆపలేదు.

ఇన్వర్టర్ ఏసీ కదా, ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టర్ మీద నడుస్తుందా?

నడవదు. ఇన్వర్టర్ ఏసీ అంటే కంప్రెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి తగ్గించి పెంచుకునే ఏసీ. బ్యాటరీతో దానికి సంబంధం లేదు. ఫ్యాన్లు, లైట్ల కోసం పెట్టిన మామూలు ఇన్వర్టర్ ఆ లోడు మోయలేదు.

ఎంతలో పెడితే బిల్లు తక్కువ వస్తుంది?

24 నుంచి 26, పైన ఫ్యాన్ రెండులో. 2020 జనవరి 1 నుంచి స్టార్ లేబుల్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24లో మొదలవ్వాలని నిబంధన పెట్టారు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. 16లో పెడితే గది త్వరగా చల్లబడుతుందన్నది అపోహ. ఇన్వర్టర్ కాని ఏసీ ఏ నంబరులో పెట్టినా ఒకే వేగంతో చల్లబరుస్తుంది, ఆగడం మాత్రం ఆలస్యం చేస్తుంది.

లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని రాసేది 1600 గంటల వాడకానికి, అంటే రోజుకు 8 గంటల చొప్పున 200 రోజులకు. మీ వాడకాన్ని దాంతో పోల్చి లెక్క వేసుకోండి. రాష్ట్ర ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇళ్లు ఈ లెక్క ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. నెలకు 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సి ఉంటుంది.

ఏప్రిల్‌లో కూలర్ చాలు అనిపిస్తుంది, జూన్‌లో ఎందుకు పనిచేయదు?

మన ఏప్రిల్ ఎండ పొడిగా ఉంటుంది, కూలర్‌లోని తడి ఆ పొడి గాలిలో కలిసి చల్లదనం ఇస్తుంది. మృగశిర కార్తె వచ్చి వానలు మొదలయ్యాక గాలిలోనే తేమ నిండి ఉంటుంది, కూలర్ ఉక్కపోత పెంచుతుంది. అప్పుడు ఏసీలో తేమ తీసే డ్రై మోడ్ వాడండి. డ్రెయిన్ పైపు నుంచి నీళ్లు ఎక్కువ పడుతున్నాయని జులైలో కంగారు పడక్కర్లేదు, గాలిలోని తేమే అలా వస్తోంది. ఒకే గదిలో ఏసీ, కూలర్ కలిపి వేయొద్దు. కూలర్ ఇచ్చే తేమ తీయడానికే ఏసీ కష్టమంతా పోతుంది.

ఏసీ డ్రెయిన్ పైపు నుంచి పడే నీళ్లు ఇన్వర్టర్ బ్యాటరీలో పోయొచ్చా?

వద్దు. ఉప్పు ఉండదు గానీ కాయిల్ మీది దుమ్ము, లోహం కలిసి ఉంటాయి. బ్యాటరీకి డిస్టిల్డ్ వాటరే. ట్యాంకర్ నీళ్లు కొనుక్కునే ఇళ్లలో ఇది ఇల్లు తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి బాగా పనికొస్తుంది.

రిమోట్ పనిచేయడం లేదు. స్క్రీన్ మీద ఏదో కోడ్ వస్తోంది.

రిమోట్ ముందు బల్బును ఫోన్ సెల్ఫీ కెమెరాకు చూపించి బటన్ నొక్కండి. కెమెరాలో వెలుగు మిణుకుమంటే రిమోట్ బాగుంది, లోపం ఏసీ వైపు ఉంది. ఎర్రర్ కోడ్ అర్థం కంపెనీని బట్టి మారుతుంది. స్విచ్ ఆపేముందే దాన్ని ఫోటో తీసి మెకానిక్‌కు పంపండి. ఆపితే చాలాసార్లు అది చెరిగిపోతుంది.

పన్నెండేళ్ల పాత ఏసీ. బాగుచేయించాలా, కొత్తది కొనాలా?

స్టిక్కర్ మీద గ్యాస్ పేరు చూడండి. ఆర్-22 అయితే, ఓజోన్ పొరకు హాని కాబట్టి మాంట్రియల్ ఒప్పందం కింద దాన్ని దశలవారీగా ఆపేస్తున్నారు. కెపాసిటర్, ఫ్యాన్ మోటార్ లాంటివి పోతే మార్పించుకుని వాడుకోండి. కాయిల్ లీకు, కంప్రెసర్ పోవడం అయితే ఆ డబ్బు కొత్తదానికి పెట్టడమే నయం. ఆర్-22 ఏసీలో ఆర్-32 ఎక్కిస్తామంటే ఒప్పుకోకండి. ప్రెషర్ వేరు, ఆయిల్ వేరు, పైగా మండే గ్యాస్.

ఇల్లు మారుతున్నాం. ఏసీ విప్పేటప్పుడు గ్యాస్ పోతుందా?

సరిగా విప్పితే పోదు. ఏసీ నడుస్తుండగా ఒక వాల్వు మూసి, గ్యాసంతా ఔట్‌డోర్‌లోకి లాగి, రెండో వాల్వు మూసి, వెంటనే కరెంటు ఆపుతారు. దీన్ని పంప్ డౌన్ అంటారు. ఆ సమయంలో పైపు వదులుగా ఉంటే కంప్రెసర్‌లోకి గాలి దూరి పేలే ప్రమాదం ఉంది, అందుకే ప్యాకర్ల వెంట వచ్చిన హెల్పర్‌తో కాకుండా ఏసీ మెకానిక్‌తోనే చేయించండి. విప్పిన పైపుల చివర్లు వెంటనే మూతలతో, టేపుతో మూయించండి. కొత్త ఇంట్లో బిగించాక వాక్యూమ్ తప్పదు. రాగి పైపు వంచినచోట నొక్కుకుపోయి ఉంటే ఆ ముక్క మార్చమనండి. ఔట్‌డోర్‌ను లారీలో పడుకోబెట్టి తెచ్చి ఉంటే, నిలబెట్టి కొన్ని గంటలు ఆగాకే స్విచ్ వేయండి.